అజెండాలో మన వాడది ఎన్నో నంబరు?

"మునిసిపాలిటీ సంగతులు మనకేంటికి సారూ, మనం పల్లెటూరోళ్లం గదా" అని పోయిన నెల ఒక మీటింగులో ఒక పెద్దాయన అడిగినాడు. అడగాల్సిన మాటే. జవాబు మాత్రం ఆయన ఇంట్లోనే ఉంది. పెద్ద కొడుకు కర్నూల్లో బేల్దారి పని చేస్తున్నాడు. చిన్న కోడలు కడపలో తెల్లవారుజామున రోడ్లు ఊడుస్తుంది. వానల్లేక, బోర్లెండిపోయి, ఏటా సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోయొచ్చి, ఆఖరికి టౌను అంచున గుడిసె వేసుకున్న కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చేతులెత్తండంటే సగం మీటింగు చేతులెత్తింది. పల్లెలో మన గేరి ఊరి చివర. టౌనులో మన గుడిసె వంక గట్టున. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు అందరి ఇళ్లల్లోకీ నీళ్లొచ్చినాయి. కానీ అందరూ ఒకేసారి లేచి నిలబడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మనం టౌనుకు పోకపోయినా టౌనే వచ్చి మన పల్లెను కలుపుకుంటుంది. మా వాడ అట్లా కలిసిందే. కలిసిన మరుసటేడు ఇంటిపన్ను నోటీసు వచ్చింది. నీళ్లు రాలేదు.

నేను లెక్కల పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. ప్రభుత్వ ఉద్యోగి ఇట్లాంటివి రాయకూడదని కొందరు మిత్రులు భయపెడతారు. ప్రజల డబ్బు ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది అని కూడికలు తీసివేతలు చెప్పడం నా ఉద్యోగమే అనుకుంటున్నాను.

మా టౌను పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊళ్లోనే ఇట్లా జరుగుతుందని మిగతా ఊళ్లవాళ్లు చేతులు దులుపుకుంటారు. మా వాడకూ శ్మశానానికీ మధ్య ఒక వంక ఉంది. ఏడాదిలో పది నెలలు ఇసుక. గట్టి వాన పడితే నడుంలోతు నీళ్లు. మా పెదనాయన పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. నీళ్లలో ముందున్నాయన కాలు జారి పాడె ఒక పక్కకు ఒరిగింది. ఎట్లనో పట్టుకున్నాం. ఆ సంగతి మా పెద్దమ్మకు ఈనాటికీ చెప్పలేదు.

ఆ వంక మీద చిన్న కల్వర్టు కట్టమని పదకొండేండ్లు అర్జీలు ఇచ్చినాం. గ్రీవెన్సులో ఇచ్చినాం, ఎన్నికలప్పుడు ఇచ్చినాం, అంబేడ్కర్ జయంతికి దండ వేయడానికి వచ్చిన ప్రతి నాయకుడి చేతిలో పెట్టినాం. అందరూ తీసుకున్నారు. ఒకాయన కళ్లకు కూడా అద్దుకున్నాడు. ఆ ఏడే మెయిన్ రోడ్డు డివైడరు మీద రంగుల లైట్లు, సిమెంటు జింకలు వెలిసినాయి. జింకల కోసం అర్జీ ఇచ్చినోడు ఊళ్లో ఒక్కడూ లేడు. మరి అవెట్లా వచ్చినాయి? ఇదే అడుగుదామని ఆఫీసుకు పోతే అక్కడి అటెండరు, మనవాడే, పక్కకు పిలిచి చెప్పినాడు. "అన్నా, మీది అర్జీ. వాళ్లది ఎస్టిమేటు. ఎస్టిమేటు లేంది అజెండాలోకి రాదు. అజెండాలోకి రాంది మీటింగులోకి రాదు. నువ్వు ఇన్నేండ్లూ వేరే గడప ముందర నిలబడినావు."

నాకు బి.ఎడ్.లో ఎవరూ చెప్పని పాఠం అది. దాన్నే మీకు చెప్పాలని ఈ రాత.

కౌన్సిల్ హాల్లో చేతులెత్తే రోజున పని నిర్ణయమవుతుందని మనం అనుకుంటాం. ఆ రోజుకు దాదాపు అంతా అయిపోయి ఉంటుంది. ముందు ఎవరో ఒకరు ఈ పని కావాలంటారు. కార్పొరేటరు అనొచ్చు, ఎమ్మెల్యే అనొచ్చు, ఆఫీసులో ఇంజనీరే అనొచ్చు. ఏ.ఈ. పోయి కొలతలు తీసి ఎస్టిమేటు వేస్తాడు. పై ఇంజనీర్లు సంతకం పెడతారు. కమిషనరు దగ్గరికి పోతుంది. అజెండా కాగితంలో దానికొక నంబరు పడుతుంది. కార్పొరేషన్ అయితే స్టాండింగ్ కమిటీ అని కొద్దిమంది కార్పొరేటర్లతో ఒక కమిటీ ఉంటుంది. చాలా పనులు ఆ గదిలోనే తేలిపోతాయి. మిగిలినవి కౌన్సిల్‌కు వస్తాయి. అక్కడ ఎమ్మెల్యే, ఎంపీ కూడా సభ్యులే, ఓటు ఉంటుంది. తర్వాత టెండరు, వర్కు ఆర్డరు, ఎం-బుక్కు, బిల్లు. ఇవన్నీ కాక టేబుల్ అజెండా అని ఒకటుంది. మీటింగు రోజు పొద్దున అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే కాగితం. చదివేలోపల "ఆమోదం" అంటారు. అత్యవసరానికని పెట్టిన పద్ధతి అది. ఎవరి అత్యవసరానికో అజెండా తెప్పించుకొని చూస్తే తెలుస్తుంది.

ఇన్ని మెట్లలో మనం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకోండి. ఒకటి, ఎన్నికల రోజు. రెండు, రిబ్బన్ కత్తిరించే రోజు. నడుమ ఉన్న మెట్లన్నీ వాళ్లవే. ఏ.ఈ.కి టీ తాపించేది, ఎస్టిమేటులో ఏముందో ముందే తెలిసేది, టెండరు తగిలేది ఎవరికో మన సీమలో చెప్పాల్సిన పని లేదు. కాంట్రాక్టరు ఇంటి పేరు, పెత్తందారు ఇంటి పేరు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

మనకు రిజర్వేషన్ లేదా అంటారు. ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు సీట్లు, ఆడవాళ్లకు మూడోవంతుకు తగ్గకుండా సీట్లు ఇమ్మంది. అయిదేండ్ల గడువు తీరకముందే ఎన్నిక పెట్టమని కూడా అదే సవరణ చెప్పింది. కర్నూలు 1994లో కార్పొరేషన్ అయింది. 2010లో కౌన్సిల్ గడువు ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చిలో. నడుమ ఉన్న ఆ పదకొండేండ్లు అధికారుల పాలన. 2014లో కడపలో ఓట్లు జరిగినాయి, కర్నూల్లో జరగలేదు. అధికారుల పాలనలో పనులు ఆగినాయా? ఆగలేదు. ఎస్టిమేట్లు పడినాయి, బిల్లులు పోయినాయి. ఆగింది మన రిజర్వేషన్ సీటు ఒక్కటే. ఎన్నికే లేనప్పుడు రిజర్వేషన్ ఎక్కడ కూర్చుంటుంది?

ఎన్నిక జరిగినప్పుడు మనోళ్లు ఏం చేసినారో కూడా మాట్లాడుకోవాలి. మన కార్పొరేటర్లు చాలామంది మంచోళ్లే. ఆడబిడ్డ సీటైతే ఆమె బదులు మొగుడు మాట్లాడతాడు. మగోడి సీటైతే టికెట్ ఇచ్చినాయన మాట్లాడతాడు. తప్పు వాళ్లదొక్కరిదే అంటే అన్యాయం. మనం ఆ కార్పొరేటరు ఇంటికి పోయి ఏం అడుగుతున్నాం? పింఛను, రేషన్ కార్డు, ఆసుపత్రికి ఒక సిఫారసు చీటీ. మన వాడ ఎస్టిమేటు ఎంతదాకా వచ్చిందని ఎవరైనా అడిగినామా? అడగని దాన్ని గురించి ఆయన మటుకు ఎందుకు లేచి నిలబడతాడు!

ఒంటరిగా లేచి నిలబడినోడు మన చరిత్రలో ఉన్నాడు. జోతిబా ఫూలే 1876లో పుణె మునిసిపాలిటీలో సభ్యుడైనాడు. వైస్రాయి లార్డ్ లిట్టన్ పుణె వస్తున్నాడని ఊరు అలంకరించడానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామన్నారు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకు పెట్టండని ఎదురు ఓటేసినోడు ఫూలే ఒక్కడే. లక్షలు పోసి పెద్ద మార్కెట్టు కట్టబోతుంటే ముందు బళ్లు కావాలని దానికీ అడ్డం తిరిగినాడు. ఆయన ఓడిపోయినాడు, మార్కెట్టు లేచింది. ఇప్పుడు ఆ మార్కెట్టుకు పెట్టుకున్న పేరు మహాత్మా ఫూలే మండై! బతికినప్పుడు ఓటు ఓడగొట్టి చచ్చినాక బోర్డు రాయడం మన దేశానికి బాగా వచ్చు.

మునిసిపాలిటీ బడికి పెట్టే డబ్బు ఎంత దూరం పోతుందో మన కర్నూలే సాక్ష్యం. పెద్దపాడు నుంచి వచ్చిన ఒక మాల పిల్లవాడు 1935లో కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చేరినాడు. స్కూలు ఫైనల్లో జిల్లాలో మొదటోడుగా వచ్చినాడు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాడు. దామోదరం సంజీవయ్య. ఆ బడి ఆయన కోసమని ఎవరూ కట్టలేదు. ప్రజల డబ్బుతో నడిచే బడి గనక లోపలికి పోగలిగినాడు.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి, సంఘం నడిపే తమ్ముళ్లు పెన్సిలు పట్టుకోండి.

మునిసిపాలిటీ నికర నిధుల్లో 40 శాతం మురికివాడల సౌకర్యాలకు కేటాయించాలని మన రాష్ట్రంలో నియమం ఉంది. వినడానికి బాగుంది. మెలిక అంతా "నికర" అనే మాటలో ఉంది. నూరు రూపాయలు వసూలైతే అందులో జీతాలు, కరెంటు బిల్లులు, నీళ్ల పంపింగు, అప్పుల వాయిదాలు తీసేయగా మిగిలింది నికరం. ఇరవై మిగిలిందనుకోండి. అందులో నలభై శాతమంటే ఎనిమిది. నూటికి నలభై అని చెప్పుకునేది చేతికొచ్చేసరికి నూటికి ఎనిమిది. ఆ ఎనిమిదినీ ఎక్కడ పెట్టినారో చూడాలి. మన గుడిసెల పక్కనుంచి పోయే పెద్ద రోడ్డుకు తారు పోసి మురికివాడ పద్దులో రాస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. మన సందులో బురద అట్లనే ఉంటుంది. అందుకే మొత్తం అంకె అడిగితే చాలదు. ఏ వీధి, ఎన్ని మీటర్లు, ఏ నంబరు పని అని అడగాలి.

సబ్‌ప్లాన్ చట్టం కూడా అంతే. ధర్నాలు, పాదయాత్రలు చేసి సాధించుకున్న చట్టం అది, 2013లో వచ్చింది. పదేండ్లకు గడువు తీరితే 2023 జనవరిలో మరో పదేండ్లు పొడిగించినారు. మన జనాభా ఎంతో బడ్జెట్లో అంత వాటా మనకు పెట్టాలి, మిగిలిపోతే వేరే దానికి మళ్లించకూడదు అన్నది దాని ప్రాణం. కానీ చట్టంలోనే ఒక సందు వదిలినారు. విడదీయలేని పెద్ద పనులైతే అందులో కొంత వాటాను మన ఖాతాలో రాసుకోవచ్చు. ఫ్లైఓవరు మీద మాదిగోడు కూడా పోతాడు గదా అని మన ఖాతాలో కొంత రాస్తారన్నమాట. పోతాడు, నిజమే. ఎక్కువసార్లు దాని కింద పడుకుంటాడు.

కేంద్రం నుంచి వచ్చేది మరో రకం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు మన కర్నూలు, కడపల వంటి నగరాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీళ్లకు, పారిశుధ్యానికి కట్టేసింది. ఇట్లా ముక్కుతాడు వేసిన డబ్బును కౌన్సిల్ మనసుపడిన చోటికి తోలలేదు. మనకు ఇది మంచిదే. నీళ్లూ మురుగూ మనకున్న మొదటి కరువు గనక, ఆ పద్దులో ఏ పనులు పెట్టినారని అడిగే హక్కు మనకే ముందు ఉంది.

పారిశుధ్యమంటే గుర్తొచ్చింది. మా చిన్నమ్మ కాంట్రాక్టు మీద కాలవలు తీస్తుంది. పనిముట్లు, చేతి తొడుగులు ఇచ్చినారా చిన్నమ్మా అంటే "ఒకతూరి ఇచ్చినార్రా, మగోళ్ల సైజు, చేతిలో నిలవవు" అంది. చీపుర్లు, సబ్బు, కొబ్బరినూనె, చెప్పులు. వీటికోసం సమ్మె చేయాల్సిన పని ఈ దేశంలో ఇంకే ఉద్యోగానికైనా ఉందా? 2023 డిసెంబరు ఆఖర్న రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఊర్లు కంపు కొట్టినాయి. అప్పుడు అందరికీ వాళ్లు గుర్తొచ్చినారు. 2013లో పార్లమెంటు చేసిన చట్టం మురుగు కాలవలూ సెప్టిక్ ట్యాంకులూ యంత్రాలతో శుభ్రం చేయించే బాధ్యత స్థానిక సంస్థ మీదే పెట్టింది. మ్యాన్‌హోల్‌లో చచ్చిపోయిన మనిషికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మనిషి చచ్చినాక వచ్చే పద్దుకు నంబరు పడుతుంది. చావకముందు యంత్రం కొనే పద్దుకు, ఆడోళ్ల చేతికి సరిపోయే తొడుగుల పద్దుకు నంబరు ఎందుకు పడదో మన కార్పొరేటర్లు మొదటి మీటింగులోనే లేచి అడగాలి. ఊరు ఊడ్చేది మనం, ఊడ్చే సామాను ఏది కొనాలో తేల్చేది చీపురు పట్టనోళ్లు!

బయటి దేశంలో ఈ మెట్లను తలకిందులు చేసినోళ్లు ఉన్నారు. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రె అనే నగరంలో 1989 నుంచి పేటల్లో జనాన్ని కూర్చోబెట్టి, ముందు మురుగు కాలవా, రోడ్డా, బడా అని వాళ్లచేతనే వరస వేయించినారు. సౌకర్యాలు తక్కువ ఉన్న పేటకు మార్కులు ఎక్కువ. కేరళలో 1996లో రాష్ట్ర ప్రణాళిక డబ్బులో మూడోవంతుకు పైగా పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఇచ్చి మీరే తేల్చుకోండన్నారు. మన దగ్గర కూడా, మూడు లక్షల జనాభా దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. 2011 లెక్కల్లోనే కర్నూలు, కడప రెండూ మూడు లక్షలు దాటినాయి. మీ వార్డు కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచిందో కనుక్కోండి.

తీర్మానం అయితే చాలు, పని అయినట్టే అనుకునేవాళ్లకు మహద్ గుర్తు చేస్తాను. మన మీటింగుల్లో మహద్ గురించి చాలాసార్లు విన్నాం గానీ అది మునిసిపాలిటీ కథ కూడా అని తక్కువమంది చెప్తారు. ప్రజల డబ్బుతో కట్టిన బావులు, చెరువులు, బళ్లు అంటరానివాళ్లకు తెరవాలని 1923లో బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్లో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టి గెలిపించినాడు. దాన్నిబట్టి మహద్ మునిసిపాలిటీ 1924లో తన చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. మూడేండ్లు ఆ కాగితం బీరువాలో ఉంది. ఒక్క మనిషి గొంతు తడవలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకొని పోయి నీళ్లు తాగినాక ఆ కాగితానికి ప్రాణం వచ్చింది. అదే ఏడు ఆగస్టు 4న అదే మునిసిపాలిటీ ఆ తీర్మానాన్ని రద్దు చేసింది! కాగితం మీద ఉన్నంతకాలం ఎవరికీ అడ్డం లేదు, నీళ్లు తాగినాకే అడ్డమైంది. హైకోర్టులో మనకు అనుకూలంగా తీర్పు వచ్చేసరికి 1937.

మా వంక దగ్గరికి తిరిగి వస్తాను. అటెండరు తమ్ముడి మాట విన్నాక ఒక ఆదివారం మా వాడ పదో తరగతి పిల్లల్ని తీసుకొని టేపు పట్టుకొని వంకలోకి దిగినాం. క్షేత్రమితి పాఠం అని చెప్పినాను, అబద్ధం కూడా కాదు. వెడల్పు కొలిచినాం. పోయిన వానకు నీళ్లు ఎంతెత్తు వచ్చినాయో గట్టు మీది తుమ్మచెట్టుకు అంటిన బురద గుర్తు చూసి రాసుకున్నాం. అవతల శ్మశానం, ఇవతల ఎన్ని గడపలు, అన్నీ ఒక చార్టు మీద పిల్లలే గీసినారు. దాన్ని ఈసారి నాయకుడి చేతికి ఇవ్వలేదు. తిన్నగా ఇంజనీరింగు సెక్షన్లో ఇచ్చి ఇన్వర్డు నంబరు వేయించుకున్నాం. నెల చూసి, ఆ నంబరు మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పమని సమాచార హక్కు కింద అడిగినాం. ఫీజు పది రూపాయలు. తెల్ల కార్డు ఉన్నోళ్లకు అదీ లేదు. అందుకే మా పెద్దమ్మ పేరు మీదనే వేసినాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇరవై ఆరో రోజు ఏ.ఈ. వంక దగ్గరికి వచ్చినాడు. చార్టు చూసి "ఇది ఎవరు గీసినారు సారూ, డ్రాఫ్ట్‌మనా?" అన్నాడు. ముందు వరసలో నిలబడిన పిల్ల సిగ్గుపడి స్నేహితురాలి వెనక దాక్కుంది.

పల్లెల్లోని అన్నలకు ఒక మాట. పంచాయతీలో కూడా ఇదే తంతు, ఆఫీసు చిన్నది, అంతే. పంచాయతీ ఆఫీసులో అయితే సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజే లేదు.

ఎస్టిమేటు పడింది. కిందటి మీటింగు అజెండాలో మా కల్వర్టు 43వ నంబరు. 31వ నంబరు దగ్గర ఏదో గొడవ లేచి, తిట్టుకొని, భోజనాలకు లేచి మిగతావి వాయిదా వేసినారు. మళ్లీ మీటింగు వచ్చే నెల్లో. హాల్లోకి రానిస్తారో లేదో తెలీదు, మెట్ల మీద కూర్చుంటాం. నేను ఆ రోజుకు బడికి సెలవు చీటీ రాసిపెట్టినాను. కారణం అన్నచోట "సొంత పని" అని రాసినాను. అర్జీదారు పేరు తనదే గనక తాను కూడా వస్తానంటుంది పెద్దమ్మ. మెట్లెక్కలేదు. ఇద్దరం పిల్లోళ్లం చెరో రెక్కా పట్టుకొని తీసుకుపోతాం.